దేశాంతరంలో టెలికాం సాంకేతికాభివృద్ధి కేంద్ర నిర్మాణం: బెంగళూరు అనుభవం – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

టెలికాం పరికరాలు రూపొందించే సంస్థలు స్వదేశం వెలుపల సాంకేతికాభివృద్ధి కేంద్రాలను ఎలా నిర్మించుకుంటాయో ఈ వ్యాసం వివరిస్తుంది. ఇందుకు బెంగళూరులో 1991లో ప్రారంభమైన మోటరోలా సాఫ్ట్‌వేర్ కేంద్రాన్నీ, 1999లో ప్రారంభమైన హువావే పరిశోధన, అభివృద్ధి కేంద్రాన్నీ ఆధారంగా తీసుకుంటుంది. సమాచార మార్గం, పని విభజన, ప్రక్రియల ప్రమాణీకరణ, భాష, యాజమాన్య హక్కులు, దేశభద్రత అనే అంశాలు ఈ కేంద్రాల స్వరూపాన్ని ఎలా నిర్ణయించాయో పరిశీలిస్తుంది. మాతృసంస్థకు పని నేర్పగలిగిన కేంద్రం కూడా ఆ పని ఫలంపై హక్కును ఎందుకు పొందలేకపోయిందన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న.

కీలక పదాలు: టెలికాం, సాంకేతికాభివృద్ధి కేంద్రం, బెంగళూరు, హువావే, మోటరోలా, సీఎంఎం, పని విభజన, మేధోసంపత్తి, దేశభద్రత.

ఉపోద్ఘాతం

సాఫ్ట్‌వేర్ రంగం తెలుగు సమాజంపై చూపిన ప్రభావాన్ని గురించి గత మూడు దశాబ్దాలలో విస్తారమైన చర్చ జరిగింది. ఆ చర్చలో అధికభాగం వలస చుట్టూ, ముఖ్యంగా అమెరికా వలస చుట్టూ తిరిగింది. విమానం ఎక్కినవారి జీవితం కథలకూ నవలలకూ వస్తువైంది. విమానం ఎక్కకుండా బెంగళూరులోనో హైదరాబాదులోనో కూర్చుని, షికాగో శివార్లలోని లేదా షెన్‌జెన్‌లోని సంస్థకు పనిచేసినవారి కార్యక్షేత్రం మాత్రం అంతగా పరిశీలనకు రాలేదు. ఆ కార్యక్షేత్రం పేరే విదేశీ సాంకేతికాభివృద్ధి కేంద్రం. అది ఎలా పుడుతుంది, ఏ నియమాలతో నడుస్తుంది, అందులో తయారైనది ఎవరికి చెందుతుంది అన్న ప్రశ్నలకు సమాధానాలు తెలియకుండా ఆ రంగపు సామాజిక చరిత్రను రాయడం కష్టం.

ముందుగా పేరును గురించి ఒక మాట. ఆంగ్లంలోని ‘ఆఫ్‌షోర్’ అన్న మాటకు తీరానికి ఆవల అని అర్థం. పత్రికలు దీనిని ‘విదేశీ అభివృద్ధి కేంద్రం’ అని రాస్తున్నాయి. ఎవరికి విదేశం? షెన్‌జెన్‌లో ఉన్న యాజమాన్యానికి బెంగళూరు విదేశం. అందులో పనిచేసే అనంతపురం ఇంజనీరుకు అది పొరుగూరు. పేరులోనే కేంద్రస్థానం ఎక్కడున్నదో నిర్ణయమైపోయింది. వాడుకలో స్థిరపడిన పదం కనుక ఈ వ్యాసం దానినే స్వీకరిస్తుంది. దానికి జంటగా వచ్చిన ‘ఆన్‌సైట్’ అన్న మాట తెలుగు ఇళ్లలో పెళ్లి సంబంధాల సంభాషణ వరకూ వెళ్లింది; ‘ఆఫ్‌షోర్’ మాత్రం ఆఫీసు గడప దాటలేదు. ఏ మాటకు గౌరవం దక్కిందో దీనినిబట్టి గ్రహించవచ్చు.

ఇటువంటి కేంద్రాన్ని నెలకొల్పడానికి మూడు మార్గాలున్నాయి. స్థానిక సాఫ్ట్‌వేర్ సంస్థకు పనిని ఒప్పందంపై అప్పగించడం మొదటిది. సొంత అనుబంధ సంస్థను నమోదు చేసి, ఉద్యోగులను తానే నియమించుకోవడం రెండవది. స్థానిక సంస్థ కేంద్రాన్ని నిర్మించి, కొంతకాలం నడిపి, ఆ తరువాత మాతృసంస్థకు అప్పగించడం మూడవది. కెనడాకు చెందిన నార్టెల్ మొదట భారతీయ సాఫ్ట్‌వేర్ సంస్థలతో ఒప్పందాల మార్గాన్ని అనుసరించగా, మోటరోలా, హువావే రెండవ మార్గాన్ని ఎంచుకున్నాయి. టెలికాం పరికరాల సాఫ్ట్‌వేర్ ఒక ఏడాదిలో ముగిసే పని కాదు. ఒక స్విచ్‌లోని సాఫ్ట్‌వేర్ పదిహేను, ఇరవై ఏళ్లపాటు సవరణలు పొందుతూ ఉంటుంది. దానిని ఎరిగినవారు సంస్థలోనే ఉండాలి. సొంత కేంద్రం వైపు మొగ్గడానికి ఇది ముఖ్యకారణం.

1. మార్గం వేయడం

కేంద్రం అంటే ముందుగా భవనం గుర్తుకు వస్తుంది. 1980లలో మాత్రం అసలు సమస్య భవనం కాదు, తీగ. 1985లో అమెరికాకు చెందిన టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరులో కేంద్రాన్ని నెలకొల్పినప్పుడు, చిప్‌ల రూపకల్పనకు తోడ్పడే సాఫ్ట్‌వేర్‌ను ఇక్కడ రాసి అమెరికాకు పంపడానికి ఉపగ్రహ సంబంధాన్ని ఏర్పాటు చేసుకోవలసివచ్చింది. అంతర్జాతీయ సమాచార ప్రసారం ప్రభుత్వ గుత్తాధిపత్యంలో ఉన్న కాలమది. ఒక ప్రైవేటు సంస్థ ఆవరణలో ఉపగ్రహ డిష్‌ను నిలబెట్టడమే అసాధారణమైన విషయం. ఆ డిష్‌ను ఎద్దులబండిపై తరలించారన్న కథనం బెంగళూరు సాఫ్ట్‌వేర్ చరిత్రలో తరచుగా వినిపిస్తుంది.

ఆనాడు లభించిన మార్గపు సామర్థ్యం సెకనుకు 64 కిలోబిట్లు, అంటే 8 కిలోబైట్లు. పది మెగాబైట్ల ఫైలును పంపడానికి ఇరవై నిమిషాలకు పైగా పట్టేది. భూస్థిర ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది కనుక సంకేతం పైకి వెళ్లి కిందికి రావడానికి దాదాపు పావు సెకను పడుతుంది. ఒక ప్రశ్న వెళ్లి దాని సమాధానం రావాలంటే కనీసం అర సెకను. ఫైలు బదిలీకి ఇది ఇబ్బంది కాదు. అక్కడి కంప్యూటరుపై ఇక్కడినుంచి ఒక్కొక్క అక్షరం టైపు చేయాలంటే మాత్రం చికాకు కలిగించే ఆలస్యం. అందువల్ల తొలితరం కేంద్రాలు రోజంతా ఇక్కడ పనిచేసి, ఫలితాన్ని మూటగట్టి పంపే పద్ధతికి అలవాటుపడ్డాయి. పని విభజన స్వరూపాన్ని నిర్వాహకుల తెలివి కంటే ముందుగా ఈ ఇరుకు మార్గమే తీర్చిదిద్దింది.

1991లో భారత సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ, అంటే ఎస్టీపీఐ, ఏర్పడింది. ఒక్కొక్క సంస్థ సొంతంగా ఉపగ్రహ సంబంధం కోసం ఢిల్లీ చుట్టూ తిరిగే అవసరాన్ని అది తగ్గించింది. ఉమ్మడి భూకేంద్రం నుంచి చుట్టుపక్కల సంస్థలకు మార్గాన్ని పంచింది. దిగుమతి చేసుకున్న యంత్రాలపై సుంకం మినహాయింపు, ఎగుమతి ఆదాయంపై పన్ను విరామం వంటివి దానికి తోడయ్యాయి. హైదరాబాదు అమీర్‌పేటలోని మైత్రీవనం ఈ సంస్థ ద్వారానే తొలి సాఫ్ట్‌వేర్ చిరునామాలలో ఒకటిగా మారింది. తరువాతి కాలంలో శిక్షణ సంస్థల బోర్డులతో నిండిపోయిన ఆ కూడలికి ఈ పూర్వచరిత్ర ఉన్నదని అక్కడ నడిచే విద్యార్థులకు తెలియకపోవచ్చు.

2. మోటరోలా: ప్రక్రియ మీద నమ్మకం

మోటరోలా 1991లో బెంగళూరులో సాఫ్ట్‌వేర్ కేంద్రాన్ని ప్రారంభించింది. మాతృసంస్థ అప్పటికే నాణ్యత విషయంలో ప్రసిద్ధి పొందింది. సిక్స్ సిగ్మా విధానం ఆ సంస్థలోనే రూపుదిద్దుకున్నది. 1988లో అమెరికా ప్రభుత్వం నెలకొల్పిన మాల్కం బాల్డ్రిజ్ జాతీయ నాణ్యతా పురస్కారాన్ని అది అందుకున్నది. అయితే ఆ నాణ్యత ప్రధానంగా కర్మాగారానికి సంబంధించినది. సాఫ్ట్‌వేర్‌కు కొలమానాన్ని వేరొక చోటినుంచి తెచ్చుకోవలసి ఉన్నది.

కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోని సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ సంస్థ వాట్స్ హంఫ్రీ ఆలోచనల ఆధారంగా రూపొందించిన సామర్థ్య పరిణతి నమూనా, అంటే సీఎంఎం, ఆ కొలమానం. అది సాఫ్ట్‌వేర్ రాసే సంస్థలను ఐదు మెట్లపై నిలబెడుతుంది. మొదటి మెట్టుపై పని వ్యక్తుల ప్రతిభపైన, అదృష్టంపైన ఆధారపడుతుంది. రెండవ మెట్టుకు వచ్చేసరికి ఒకసారి విజయవంతమైన పద్ధతిని మరొకసారి పాటించగలుగుతారు. మూడవ మెట్టుపై ఆ పద్ధతి సంస్థ మొత్తానికీ లిఖితరూపంలో ఉంటుంది. నాలుగవ మెట్టుపై దానిని అంకెలతో కొలుస్తారు. ఐదవ మెట్టుపై ఆ కొలతల ఆధారంగా పద్ధతినే నిరంతరం మెరుగుపరుస్తారు. ఇక్కడ గమనించవలసిన అంశమొకటి ఉన్నది. ఈ నమూనా తయారైన సాఫ్ట్‌వేర్ గొప్పదా కాదా అని అడగదు. దానిని తయారుచేసిన తీరు ఊహించదగినదిగా ఉన్నదా అని మాత్రమే అడుగుతుంది.

మోటరోలా బెంగళూరు కేంద్రం 1993లో ఐదవ స్థాయిని పొందింది. అంతకుముందు ఆ స్థాయిని అందుకున్నది అమెరికా అంతరిక్ష నౌకకు సాఫ్ట్‌వేర్ రాసిన ఐబీఎం బృందం ఒక్కటే. కేవలం రెండేళ్ల వయసున్న కేంద్రానికి ఇది ఎలా సాధ్యమైంది? పాత సంస్థకు వదిలించుకోవలసిన అలవాట్లుంటాయి, కొత్త కేంద్రానికి ఉండవు అన్నది ఒక సమాధానం. దానికంటే బలమైన కారణం దూరమే. ఒకే అంతస్తులో ఉన్న ఇద్దరు ఇంజనీర్లు టీ తాగుతూ అనుమానం తీర్చుకుంటారు; రాసుకోవలసిన అవసరం రాదు. పదివేల కిలోమీటర్లకు పైగా దూరంలో, పదకొండున్నర గంటల కాలభేదంతో ఉన్నవారు ప్రతి నిర్ణయాన్నీ రాతపూర్వకంగా ఉంచక తప్పదు. సీఎంఎం కోరినదీ అదే. ఈ విధంగా దూరం అనే ప్రతికూలత లిఖిత సంస్కృతిగా పరిణమించింది. ఐదవ స్థాయి పొందిన సంస్థలలో గణనీయమైన భాగం తరువాతి దశాబ్దంలో భారతదేశంలోనే ఉండటానికి, విదేశీ కొనుగోలుదారుకు నమ్మకం కలిగించే ధ్రువపత్రం అవసరం ఎంత కారణమో ఈ దూరం కూడా అంతే కారణం. మోటరోలా తరువాత హైదరాబాదులోనూ కేంద్రాన్ని నెలకొల్పింది.

3. హువావే: నేర్చుకోవడానికి వచ్చిన సంస్థ

రెన్ జెంగ్‌ఫెయ్ 1987లో షెన్‌జెన్‌లో స్థాపించిన హువావే తొలుత హాంగ్‌కాంగ్ నుంచి చిన్న టెలిఫోన్ స్విచ్‌లను తెచ్చి అమ్మే వ్యాపార సంస్థ. 1990ల ఆరంభంలో అది సొంత డిజిటల్ స్విచ్‌ను రూపొందించుకుని, పెద్ద విదేశీ సంస్థలు పట్టించుకోని గ్రామీణ చైనా మార్కెట్టులో నిలదొక్కుకున్నది. దశాబ్దం చివరికి దానికి ఇంజనీర్లకు కొదవ లేదు. లోపించినది క్రమం. ఉత్పత్తుల సంఖ్య, బృందాల పరిమాణం పెరిగినకొద్దీ కొద్దిమంది ప్రతిభావంతుల రాత్రింబవళ్ల శ్రమపై ఆధారపడే పద్ధతి సరిపోదని యాజమాన్యం గుర్తించింది. 1997 చివర అమెరికా పర్యటనలో ఐబీఎంను చూసిన రెన్, ఆ సంస్థ సలహాదారులను నియమించుకుని ఉత్పత్తి అభివృద్ధి విధానాన్నంతటినీ మార్చడానికి పూనుకున్నాడు. అమెరికా చెప్పు పట్టకపోతే కాలినే కోసుకోవాలన్న అర్థం వచ్చే ఆయన మాట ఆ సంస్థ చరిత్రలో ప్రసిద్ధం. చెప్పుకు తగినట్లు కాలు కోసుకోవడం మూర్ఖత్వమని చెప్పే చైనా సామెతను ఆయన తలకిందులు చేసి వాడాడు.

ఆ నేపథ్యంలో 1999లో బెంగళూరు కేంద్రం ప్రారంభమైంది. ఇక్కడే ఇది మిగిలిన కేంద్రాలకు భిన్నంగా కనిపిస్తుంది. అమెరికా సంస్థలు బెంగళూరుకు రావడానికి జీతాల వ్యత్యాసం ప్రధాన ఆకర్షణ. చైనా సంస్థకు ఆ వ్యత్యాసం అంత పెద్దది కాదు. దానికి కావలసినవి సాఫ్ట్‌వేర్ ప్రక్రియల అనుభవం, ఆంగ్లంలో పనిచేయగల ఇంజనీర్లు, అంతర్జాతీయ కొనుగోలుదారులతో మాట్లాడిన అలవాటు. బెంగళూరులో ఇవి ఒకచోట దొరికాయి. వాటి వెనుక దీర్ఘమైన ప్రభుత్వరంగ చరిత్ర ఉన్నదన్న విషయం తరచుగా మరుగున పడుతుంది. 1909లో ఏర్పడిన భారతీయ విజ్ఞాన సంస్థ, 1940లో వచ్చిన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్, 1948లో ఆరంభమైన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్, 1954 నాటి భారత్ ఎలక్ట్రానిక్స్ ఆ నగరానికి ఇంజనీర్లను సమకూర్చాయి. 1984లో శ్యామ్ పిట్రోడా మార్గదర్శకత్వంలో ఏర్పడిన సీ–డాట్ గ్రామీణ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలను దేశీయంగా రూపొందించి, టెలికాం సాఫ్ట్‌వేర్ తెలిసిన ఒక తరాన్ని తయారుచేసింది. విదేశీ సంస్థల కేంద్రాలు ఖాళీ నేలపై వెలసినవి కావు. ప్రజాధనంతో దుక్కి చేసిన పొలంలో విత్తినవి.

బెంగళూరు కేంద్రం 2001లో సీఎంఎం నాలుగవ స్థాయిని, 2003లో ఐదవ స్థాయిని అందుకున్నది. అక్కడ స్థిరపడిన పద్ధతులు చైనాలోని హువావే సాఫ్ట్‌వేర్ బృందాలకు నమూనాగా నిలిచాయి. షెన్‌జెన్ నుంచి ఇంజనీర్లు బెంగళూరుకు వచ్చి భారతీయ బృందాలతో కలిసి పనిచేశారు. ఎలా ప్రణాళిక వేస్తారో, రాసిన కోడ్‌ను తోటివారు ఎలా సమీక్షిస్తారో, దోషాలను ఎలా లెక్కిస్తారో చూసి వెళ్లారు. జ్ఞానం మాతృసంస్థ నుంచి కేంద్రానికి ప్రవహిస్తుందన్న సాధారణ భావనకు ఇది ఎదురునడక. ఉత్పత్తిని గురించిన జ్ఞానం షెన్‌జెన్ నుంచి బెంగళూరుకు వచ్చింది. పనితీరును గురించిన జ్ఞానం బెంగళూరు నుంచి షెన్‌జెన్‌కు వెళ్లింది.

అయితే ఈ మార్పిడిలో ఇరుపక్షాలకూ సమాన లాభం కలిగిందని చెప్పలేము. ప్రక్రియ లిఖితరూపంలో ఉంటుంది కనుక దానిని తీసుకువెళ్లడం సులభం. ఉత్పత్తిని ఎందుకు ఈ విధంగా రూపొందించారు, రేపటి మార్కెట్టు ఏమి కోరుతుంది అన్న జ్ఞానం రాతలో దొరకదు. అది నిర్ణయాలు జరిగే గదిలో ఉంటుంది. బెంగళూరు తన దగ్గరున్న దానిని పూర్తిగా ఇవ్వగలిగింది; తనకు కావలసినది పూర్తిగా పొందడానికి మాత్రం ఆ గదిలో చోటు కావలసివచ్చింది.

కాలక్రమంలో ఆ కేంద్రం ఎదిగింది. 2015లో వైట్‌ఫీల్డ్ ప్రాంతంలో 17 కోట్ల డాలర్ల పెట్టుబడితో, 5,000 మంది ఇంజనీర్లకు సరిపడే సొంత ప్రాంగణాన్ని హువావే ప్రారంభించింది. పెద్ద దత్తాంశాల విశ్లేషణ కోసం హువావే రూపొందించిన కార్బన్‌డేటా అనే సాఫ్ట్‌వేర్‌ను 2016లో అపాచీ ఫౌండేషన్‌కు అందించినప్పుడు, దాని నిర్మాతలలో బెంగళూరు ఇంజనీర్లు ప్రముఖంగా ఉన్నారు. విడిభాగాలు రాసే స్థాయినుంచి పూర్తి ఉత్పత్తిని తీర్చిదిద్దే స్థాయికి కేంద్రం చేరుకున్నదనడానికి ఇదొక నిదర్శనం. ఆ ఉత్పత్తి అందరికీ బహిరంగంగా లభించే సాఫ్ట్‌వేర్ కావడం వల్లనే ఆ విషయం లోకానికి తెలిసింది. సంస్థ లోపలే ఉండిపోయిన మిగిలిన పని ఎవరిదో బయటివారు చెప్పగల స్థితి లేదు.

4. పనిని ఎక్కడ కోయాలి?

దేశాంతర కేంద్ర నిర్మాణంలో అత్యంత క్లిష్టమైన నిర్ణయం పని విభజన. ఒక వ్యవస్థ నిర్మాణం దానిని తయారుచేసిన సంస్థలోని సమాచార సంబంధాలను పోలి ఉంటుందని మెల్విన్ కాన్వే 1968లో సూత్రీకరించాడు. రెండు దేశాలలో రెండు బృందాలుంటే, వారి మధ్య ఉన్న అగాధం సాఫ్ట్‌వేర్‌లోనూ ఒక అతుకుగా కనిపిస్తుంది. కనుక ముందే ఆ అతుకు ఎక్కడ పడాలో ఎంచుకోవడం మేలు. ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో చెప్పిన లెక్క దీనికి తోడు. పదిమంది ఉన్న బృందంలో ఇద్దరిద్దరి మధ్య సంబంధాలు 45. యాభై మందికి అవి 1,225. మనుషులు ఐదు రెట్లైతే సంభాషణలు ఇరవై ఏడు రెట్లకు పైగా పెరుగుతాయి. ఆ సంభాషణలలో సగం సముద్రం దాటవలసివస్తే పని ముందుకు కదలదు.

ఈ విషయంలో టెలికాం రంగానికి ఇతర రంగాలకు లేని ఒక సదుపాయం ఉన్నది. వేర్వేరు సంస్థల పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడవలసి ఉంటుంది కనుక వాటి మధ్య సంభాషణ నియమాలను అంతర్జాతీయ టెలికాం సమాఖ్య, 1998లో ఏర్పడిన 3జీపీపీ వంటి సంస్థలు ముందే రాసి ప్రకటిస్తాయి. ఈ నియమావళినే ప్రోటోకాల్ అంటారు. ఒక ప్రోటోకాల్ మెట్టును బెంగళూరులో, దాని పై మెట్టును షెన్‌జెన్‌లో రాసినా రెండు బృందాలూ ఒకే ప్రమాణ పత్రాన్ని చదువుతాయి. కొనుగోలుదారు మనసులో ఏముందో ఊహించవలసిన బ్యాంకు సాఫ్ట్‌వేర్ కంటే ఇది దూరం నుంచి చేయడానికి అనుకూలమైన పని. తొలినాళ్లలో ఇటువంటి కేంద్రాలకు ప్రోటోకాల్ రచన, నెట్‌వర్క్ నిర్వహణ సాఫ్ట్‌వేర్, పరీక్షల పని ఎక్కువగా దక్కడానికి కారణమిదే.

అదే రంగం మరొక వైపు కఠినమైనది. టెలిఫోన్ స్విచ్ 99.999 శాతం కాలం పనిచేయాలన్నది పరిశ్రమ నిర్దేశించుకున్న లక్ష్యం. సంవత్సరం మొత్తంలో ఐదు నిమిషాల పదిహేను సెకన్లకు మించి ఆగకూడదని దాని అర్థం. నడుస్తున్న స్విచ్‌ను ఆపకుండానే దాని సాఫ్ట్‌వేర్‌ను సరిచేయాలి. అందుకు కేవలం కోడ్ తెలిసినవారు చాలరు. ఆ కోడ్ నడిచే యంత్రం కళ్లముందు ఉండాలి. కనుక కేంద్రంలో ఒక ప్రయోగశాల, అందులో అసలైన స్విచ్‌లు, రౌటర్లు, కృత్రిమంగా వేలాది కాల్‌లను పుట్టించే పరీక్షాయంత్రాలు అవసరం. వాటి దిగుమతికి సుంకపు బాండ్లు, తనిఖీలు, తిరిగి పంపేటప్పుడు మరికొన్ని పత్రాలు. ప్రయోగశాల లేని కేంద్రం ఎంతకాలమైనా షెన్‌జెన్‌లోని యంత్రంపై సమయం కేటాయించమని అడుగుతూనే ఉంటుంది. ఒక కేంద్రానికి మాతృసంస్థ ఎంత విలువ ఇస్తున్నదో తెలుసుకోవాలంటే ఉద్యోగుల సంఖ్యను కాక ప్రయోగశాలను చూడాలనడం అతిశయోక్తి కాదు.

పని అప్పగింతలోనూ ఒక క్రమం కనిపిస్తుంది. మొదట పరీక్షలు, తరువాత పాత ఉత్పత్తిలోని దోషాల సవరణ, ఆ తరువాత ఒక విడిభాగపు రచన, అటుపై ఒక ఉత్పత్తి బాధ్యత. దోషాలు సవరించడం హీనమైన పనిగా ఇంజనీర్లు భావిస్తారు. నిజానికి పరాయివారు రాసిన లక్షలాది పంక్తుల కోడ్‌ను అర్థం చేసుకోవడానికి దానిని మించిన బడి లేదు.

5. భాష, గడియారం

‘ఇక్కడ పగలు, అక్కడ రాత్రి, కనుక పని ఇరవై నాలుగు గంటలూ సాగుతుంది’ అన్నది అమెరికా సంస్థల కేంద్రాలను గురించి తరచుగా చెప్పే ప్రయోజనం. ఆచరణలో ఒక అనుమానానికి ఒక రోజు ఖర్చవుతుందన్నది దాని మరో ముఖం. షెన్‌జెన్, బెంగళూరుల మధ్య కాలభేదం రెండున్నర గంటలే. రెండు కార్యాలయాలూ రోజులో ఎక్కువభాగం ఒకేసారి తెరిచి ఉంటాయి. కానీ చైనా కార్యాలయాలలో మధ్యాహ్న భోజనం, ఆపై చిన్న కునుకు అలవాటు. అక్కడ పన్నెండు గంటలైనప్పుడు ఇక్కడ తొమ్మిదిన్నర. బెంగళూరు ఇంజనీరు ట్రాఫిక్‌ను దాటి వచ్చి కూర్చుని ప్రశ్న పంపే వేళకు అక్కడ దీపాలు ఆర్పి ఉంటాయి. పటంలో చూసిన కాలభేదానికీ, పనిలో ఎదురయ్యే కాలభేదానికీ ఇంత వ్యత్యాసం.

భాష మరింత లోతైన సమస్య. అమెరికా సంస్థతో పనిచేసేవారికి ఆంగ్లం ఇరుపక్షాలకూ పనిభాష. హువావే విషయంలో ఆంగ్లం ఇద్దరికీ నేర్చుకున్న భాష. ఉత్పత్తి జ్ఞానం చైనీస్‌లో ఉన్నది. రూపకల్పన పత్రాలను అనువదించాలి. అనువాదకుడికి చైనీస్, ఆంగ్లం తెలిస్తే చాలదు, స్విచ్ లోపల జరిగేదేమిటో తెలియాలి. పత్రం అనువాదమయ్యేలోగా మూలం మారిపోతుంది. కోడ్‌లో యంత్రం చదివే భాగం ఎక్కడైనా ఒక్కటే; మనిషి చదవడానికి రాసుకున్న వ్యాఖ్యలు మాత్రం రాసినవారి భాషలో ఉంటాయి. అనువాద అధ్యయనాలు చేసే తెలుగు పరిశోధకులు సాహిత్య అనువాదంతో పాటు ఇటువంటి సాంకేతిక అనువాదాన్ని కూడా పరిశీలించదగినది. అక్కడ ఒక పదం తప్పుగా అర్థమైతే దాని ఫలితం విమర్శకుడి వ్యాసంలో కాక, ఏదో ఒక దేశంలో తెగిపోయిన ఫోన్ కాల్‌లో బయటపడుతుంది.

బెంగళూరు కేంద్రాలలో తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ, హిందీ భాషల ఇంజనీర్లు కలిసి పనిచేస్తారు. క్యాంటీన్‌లో మాతృభాషల గుంపులు ఏర్పడటం, సమావేశంలో అందరూ ఆంగ్లానికి మారడం నిత్యం కనిపించేదే. వృత్తిపరమైన ఆలోచన మొత్తం ఆంగ్లంలో సాగటం వల్ల ఆ జ్ఞానం తెలుగులోకి రాలేదు. స్విచ్ ఎలా పనిచేస్తుందో వివరించే వేలాది తెలుగు ఇంజనీర్లున్న కాలంలో, దానిని ఇంటర్మీడియట్ విద్యార్థికి అర్థమయ్యేలా వివరించే తెలుగు పుస్తకాలు అరుదుగా ఉండటం విచారించదగిన విషయం.

6. లెక్క ఎవరిది, హక్కు ఎవరిది?

అనుబంధ సంస్థగా నమోదైన కేంద్రం తాను రాసిన సాఫ్ట్‌వేర్‌ను మార్కెట్టులో అమ్మదు. అది మాతృసంస్థకు ‘సేవ’ అందిస్తుంది. తనకైన ఖర్చుకు కొంత శాతం కలిపి ఆ సేవకు ధరగా వసూలు చేస్తుంది. ఉదాహరణకు కేంద్రపు ఖర్చు నూరు రూపాయలు, కలిపే శాతం పదిహేను అనుకుంటే, మాతృసంస్థ చెల్లించేది నూటపదిహేను. ఆ పదిహేను రూపాయలే భారతదేశంలో పన్నుకు లోబడే లాభం. ఆ సాఫ్ట్‌వేర్‌తో కూడిన పరికరం ప్రపంచమంతటా అమ్ముడై వెయ్యి రూపాయలు తెచ్చినా ఈ లెక్క మారదు. ఆ శాతం ఎంత ఉండాలన్న వివాదమే బదిలీ ధరల చట్టానికి మూలం. భారతదేశం 2001లో ఆ నిబంధనలను ఆదాయపు పన్ను చట్టంలో చేర్చింది. ఎస్టీపీఐ పథకం కింద లభించిన పన్ను విరామం 2011 మార్చితో ముగిశాక ఈ శాతానికి ప్రాముఖ్యం ఇంకా పెరిగింది.

మేధోసంపత్తిదీ ఇదే దారి. పేటెంటు పత్రంలో ఆవిష్కర్తగా ఇక్కడి ఇంజనీరు పేరుంటుంది. యజమాని స్థానంలో మాతృసంస్థ పేరుంటుంది. ఉద్యోగ ఒప్పందంలోనే ఆ బదిలీకి అంగీకారం ఉంటుంది. ఇది చట్టవిరుద్ధం కాదు, అసాధారణమూ కాదు. అన్ని దేశాల సంస్థలూ పాటించే పద్ధతే. అయినా పన్ను లెక్కలో కేంద్రాన్ని నష్టభయం లేని సేవాసంస్థగా చూపడం, ప్రచార పత్రాలలో నవకల్పనలకు నిలయంగా చూపడం – ఈ రెండు వర్ణనలూ ఏకకాలంలో పూర్తిగా నిజం కాలేవు.

నష్టభయం లేదన్న మాట ఉద్యోగుల విషయంలో ఎంతవరకు చెల్లుతుందో మోటరోలా చరిత్ర చెబుతుంది. ఆ సంస్థ 2011 జనవరిలో రెండుగా చీలిపోయింది. అదే ఏడాది ఏప్రిల్‌లో దాని నెట్‌వర్క్ పరికరాల వ్యాపారంలో అధికభాగం నోకియా సీమెన్స్ నెట్‌వర్క్స్‌కు దక్కింది. అమెరికా, చైనాలతో పాటు భారతదేశంలోని అభివృద్ధి బృందాలూ ఆ అమ్మకంలో భాగంగా చేతులు మారాయి. ఐదవ స్థాయి ప్రక్రియ ఆ నిర్ణయాన్ని ఆపలేదు, ఆపగలదని ఎవరూ అనుకోలేదు కూడా.

7. రాజ్యం దృష్టిలో

టెలికాం పరికరం దేశపు సంభాషణను మోసుకుపోతుంది. అందువల్ల దానిని ఎవరు తయారుచేశారన్న ప్రశ్న వ్యాపార పరిధిని దాటి భద్రత పరిధిలోకి వస్తుంది. 2010లో భారత టెలికాం శాఖ విదేశీ తయారీదారులు తమ మూల కోడ్‌ను మధ్యవర్తి వద్ద భద్రపరచాలన్న నిబంధన తెచ్చింది. పాశ్చాత్య సంస్థలు దీనిని తీవ్రంగా వ్యతిరేకించగా హువావే సుముఖత తెలిపింది. 2011లో ప్రభుత్వం ఆ నిబంధనను సడలించింది. 2019 మేలో అమెరికా హువావేను ఆంక్షల జాబితాలో చేర్చింది. 2020 వేసవిలో గల్వాన్ లోయ ఘర్షణ తరువాత భారత–చైనా సంబంధాలు క్షీణించాయి. ఆ డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం టెలికాం రంగానికి జాతీయ భద్రతా ఆదేశాన్ని ఆమోదించింది. 2021 జూన్ 15 నుంచి టెలికాం సంస్థలు ‘విశ్వసనీయ మూలాల’ నుంచి మాత్రమే కొత్త పరికరాలు కొనవలసివచ్చింది.

అంతకు కొన్ని వారాల ముందు, 2021 మేలో, 5జీ ప్రయోగాలకు అనుమతి లభించినప్పుడు ప్రభుత్వ ప్రకటనలో కనిపించిన పరికర తయారీదారులు ఎరిక్‌సన్, నోకియా, శాంసంగ్, సీ–డాట్. చైనా సంస్థల పేర్లు లేవు. ఆ జాబితాలోని విదేశీ సంస్థలకూ భారతదేశంలో అభివృద్ధి కేంద్రాలున్నాయి. ఒకే నగరంలో, ఒకే రకమైన కళాశాలల్లో చదివి, ఒకే 3జీపీపీ పత్రాన్ని ముందుంచుకుని కోడ్ రాస్తున్న ఇద్దరు ఇంజనీర్లలో ఒకరి పని స్వదేశపు కొత్త టవర్లలోకి చేరుతుంది, మరొకరిది చేరదు. కోడ్ ఎక్కడ రాశారు, ఎవరు రాశారు అన్నవి ఈ నిర్ణయంలో లెక్కకు రాలేదు. యజమాని ఏ దేశానికి చెందినవాడన్నదే లెక్కకు వచ్చింది. భద్రతా దృష్టి నుంచి చూస్తే అది తర్కబద్ధమే. స్థానిక కేంద్రాన్ని నెలకొల్పడం ద్వారా ఆతిథ్య దేశపు విశ్వాసాన్ని సంపాదించవచ్చునన్న సంస్థల అంచనాకు మాత్రం అది గట్టి దెబ్బ.

ఆ ఆదేశం అప్పటికే అమర్చిన పరికరాలను తొలగించమని కోరలేదు. వాటి వార్షిక నిర్వహణ ఒప్పందాలకూ అడ్డుపడలేదు. దానితో పాత నెట్‌వర్కులలోని హువావే పరికరాలు కాల్‌లను మోస్తూనే ఉన్నాయి, వాటి సాఫ్ట్‌వేర్‌కు సవరణలు అందుతూనే ఉన్నాయి.